విప్పని పూతరేకులు

వినీల ల్యాబ్ ఫ్రిజ్ తెరిచి, చూపుడువేలంత గొట్టం ఒకటి తీసి దుర్గాశ్రీ ముందు పెట్టింది. దాని మూత బూడిదరంగు. అడుగున ఎర్రటి మడ్డి, పైన లేత పసుపు నీరు. చుట్టూ అంటించిన కాగితం మీద జగపతిరాజు పేరు, సోమవారం తేదీ, 'పరగడుపు' అన్న మాట, ఉదయం ఆరుంబావు అన్న సమయం. రాసినవాడు విజయ్ పాల్.

"మళ్లీ చేశావా?" అని అడిగింది దుర్గాశ్రీ.

"మీ ఫోను రాగానే చేశానండి. నిన్న ముప్పై ఎనిమిది వచ్చింది. ఇవాళ ముప్పై ఏడు."

పరగడుపున రక్తంలో షుగరు డెబ్బైకి దిగితేనే మనిషికి వణుకు మొదలవుతుంది. ముప్పై ఎనిమిది దగ్గర కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోవచ్చు. జగపతిరాజు అలాగే ఒరిగిపోయాడు. భీమవరం పక్కన రొయ్యల చెరువులున్న మనిషి, చాలా ఏళ్లుగా షుగరు. సోమవారం ఉదయం చెరువు గట్టు మీది మకాంలో రక్తం ఇచ్చాడు, తర్వాత గంటన్నరకి నేల మీద పడి కనిపించాడు. మంగళవారం వచ్చినా ఆసుపత్రిలో కళ్లు తెరవలేదు.

రక్తం తీసిన విజయ్ పాల్ ఈ ల్యాబ్ కుర్రాడే. జగపతిరాజు కూతురు కీర్తిప్రియ మొగుడు కూడా. జగపతిరాజు ఒప్పుకోని ఆ పెళ్లయి మూడేళ్లు. మూడేళ్లుగా ఆ ఇంటి గడప అతను గానీ ఆమె గానీ తొక్కలేదు. సూదితో రక్తం తీసినట్టే తీసి, అదే చేత్తో ఇన్సులిన్ ఎక్కించాడన్నది సీఐ చంద్రరావు మాట. సాయంత్రానికి కోర్టులో పెడతానని కూడా చెప్పేశాడు.

నిన్న మధ్యాహ్నం కీర్తిప్రియ బస్సు దిగి రాజమండ్రిలో దుర్గాశ్రీ డిటెక్టివ్ ఆఫీసు వెతుక్కుంటూ వచ్చింది. ఏడవలేదు. "మా నాన్న కళ్లు తెరిచేసరికి మా ఆయన జైల్లో ఉండకూడదండి. మళ్లీ ఇంకో మూడేళ్లు నావల్ల కాదు" అంది.

దుర్గాశ్రీ గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి చూసింది. "రక్తం బయట ఉంటే షుగరు పడిపోతుందని డాక్టరు చెప్పాడట. సీఐ గారు అదే పట్టుకుని కూర్చున్నారు."

"పడిపోతుందండి, మామూలు గొట్టంలో అయితే. ఒంట్లోంచి బయటికొచ్చినా రక్తానికి ఆకలి తీరదు. లోపలి కణాలు ఉన్న షుగరంతా తినేస్తూనే ఉంటాయి. అందుకే ఈ బూడిద మూత గొట్టంలో అడుగున చిటికెడు మందు ఉంటుంది. అది వాటి నోరు కట్టేస్తుంది. మొదట్లో రెండు మూడు పాయింట్లు తగ్గొచ్చు. తర్వాత కదలదు." వినీల గొంతు తగ్గించింది. "విజయ్ అన్న రక్తం తీశాక గొట్టాన్ని మెల్లిగా అటూ ఇటూ తిప్పి మందు కలిసేదాకా వదలడండి. ఒక్క గడ్డ లేదు చూడండి."

గడ్డ లేదు. అంటే ఆరుంబావుకి జగపతిరాజు ఒంట్లో ఉన్న షుగరు అంతే.

దుర్గాశ్రీ బయటికొచ్చి కారెక్కింది. వెనక సీట్లో కీర్తిప్రియ ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చుంది. దుర్గాశ్రీ మొహంలోకి చూసింది.

*

మకాం అంటే చెరువు గట్టు మీద రేకుల గది, ముందు చిన్న పంచ. చంద్రరావు జీపు అప్పటికే అక్కడుంది. ఏం జరిగిందో జరిగినచోటే చెప్పించడానికి విజయ్ పాల్‌ని తీసుకొచ్చాడు. కీర్తిప్రియ కారు దిగబోతే దుర్గాశ్రీ వద్దంది. భార్యాభర్తలు అద్దంలోంచే ఒకరినొకరు చూసుకున్నారు.

"రండి డిటెక్టివ్ మేడమ్" అన్నాడు చంద్రరావు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే స్టేషన్లో పనిచేశారు. ఆమె ఉద్యోగం వదిలేసినందుకు అతను ఆమెను ఇప్పటికీ క్షమించలేదు. "మా కేసు సగం మీరు రాసిపెడితే సంతకం నేను పెట్టేస్తాను."

"సగమెందుకండి. మొత్తం రాస్తాను" అని ఆమె గదిలోకి నడిచింది.

మంచం. గోడ పక్కన కుర్చీ, దానికి ఎదురుగా స్టూలు. రక్తం తీసింది అక్కడే. బల్ల మీద మూడు గిన్నెల క్యారేజీ. మూత తీసి చూస్తే ఇడ్లీలు గిన్నె నిండా ఉన్నాయి, ఒక్కటి తగ్గలేదు. పక్కన అట్టపెట్టె, దారంతో కట్టింది కట్టినట్టే ఉంది. దుర్గాశ్రీ వేలితో దాన్ని కొంచెం ఎత్తి వాసన చూసింది. నెయ్యి, యాలకులు. పూతరేకులు.

"అదీ అతని పనే" అన్నాడు చంద్రరావు గుమ్మంలోంచి. "షుగరు మనిషికి మిఠాయి ఎవరు తెస్తారు? అల్లుడు మంచి చేసుకోవడానికి తెచ్చుంటాడు."

దుర్గాశ్రీ చూపు కిటికీ కింద ఆగింది. కడిగి బోర్లించిన స్టీలు కంచాలు. ఒకటి కాదు, మూడు. మూడు గ్లాసులు కూడా. ఒంటరి మనిషి తనొక్కడి టిఫినుకి మూడు కంచాలు కడుక్కోడు.

ఆమె పంచలోకి వచ్చింది. "చంద్రరావు గారూ, మీ లెక్క మళ్లీ చెప్పండి. సూది ఎప్పుడు వేశాడంటారు?"

"రక్తం తీశాక."

"అలాగైతే రక్తంలో షుగరు మామూలుగా ఉండాలి కదండి."

"గంటలకొద్దీ డబ్బాలో మగ్గింది, పడిపోయింది."

ఆమె వినీల చెప్పినదంతా చెప్పింది. బూడిద మూత గురించి, ఇవాళ్టి ముప్పై ఏడు గురించి. చంద్రరావు మీసం సవరించుకున్నాడు. అతను తెలివితక్కువవాడు కాడు, పట్టు వదలనివాడు.

"సరే. ముందే వేశాడు. వేసి, కాసేపాగి తీశాడు."

"వేసి, అది పనిచేసిందని రుజువు తీసుకుని, ఐసు పెట్టిన డబ్బాలో భద్రంగా పెట్టుకుని, పేరూ టైమూ రాసి, తన ల్యాబ్‌కే మోసుకెళ్లి ఇచ్చాడా? ఆ గొట్టం కాలవలో పారేస్తే మీ చేతిలో ఏముండేదండి?"

కానిస్టేబులు ఒకడు దగ్గినట్టు నవ్వాడు. చంద్రరావు వాడి వైపు చూసేసరికి ఆ దగ్గు ఆగిపోయింది.

"మాటలు బాగుంటాయి నీకు, మొదట్నుంచీ" అన్నాడు చంద్రరావు. గొంతు ఇప్పుడు చల్లగా ఉంది. "నా ప్రశ్న ఒక్కటే, దుర్గాశ్రీ. డాక్టరు నెలకోసారి చాలన్నా ఈ ముసలాయన ప్రతి సోమవారం పరీక్ష చేయించుకుంటున్నాడు. పరగడుపున ఒకటి, తిన్నాక రెండు గంటలకి ఇంకోటి. ఆ రెండు గంటలూ ఇతను ఈ పంచలోనే కూర్చుంటాడు. నిన్న మాత్రం మొదటిది తీసి బండెక్కి వెళ్లిపోయాడు. ఎందుకంటే వేరే ఇళ్లున్నాయన్నాడు. ల్యాబ్‌లో అడిగాను. ఆ ఉదయం ఇతనికి వేరే ఇల్లే లేదు. అబద్ధం ఎందుకు చెప్పాడో అడిగి నాకు చెప్పు."

ఆ దెబ్బ సరిగ్గానే తగిలింది. దుర్గాశ్రీకి కూడా ఆ సంగతి తెలియదు.

ఆమె విజయ్ పాల్ దగ్గరికి వెళ్లి, గట్టు అంచున అతని పక్కనే కూర్చుంది. సన్నటి మనిషి, రెండు రోజుల గడ్డం. చేతులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. నీళ్లలో గాలి కలిపే చక్రాలు తిరుగుతూ నురగ లేపుతున్నాయి. ఆ చప్పుడులో మాట కారుదాకా పోదు.

"మూడు కంచాలు ఎవరికి విజయ్?" అంది మెల్లిగా.

అతను తల తిప్పేశాడు. కారు వైపు ఒకసారి చూసి, కీర్తికి చెప్పనని మాటివ్వమన్నాడు. ఆమె మాటివ్వలేదు. అయినా అతనే చెప్పాడు.

రెండేళ్ల కిందట ల్యాబ్ వాళ్లు పంపితే మొదటిసారి ఇక్కడికొచ్చాడట. ఆయన పొద్దున్నే చెరువు దగ్గరే ఉంటారు గనక మకాంకి రమ్మన్నారు. మామగారు గుర్తుపట్టారు. పొమ్మనలేదు, కూర్చోమననూ లేదు. చొక్కా చేయి మడిచి, చేయి చాపారు. మరుసటి వారం మళ్లీ ఫోను చేసి, ఆ కుర్రాణ్ణే పంపమన్నారు. తిన్న తర్వాతది కూడా కావాలన్నారు. ఆ రెండు గంటలూ ఆయన లోపల, ఇతను పంచలో. మాటల్లేవు. కానీ ఇతను ఫోనులో కీర్తితో మాట్లాడుతుంటే లోపల రేడియో ఆగిపోయేది.

"కీర్తి గొంతు వినడానికేనండి" అన్నాడు విజయ్ పాల్. "అది తెలిశాక నేను స్పీకర్ పెట్టి మాట్లాడేవాణ్ణి. ఏం కూర వండావు, తలనొప్పి తగ్గిందా, అవే మాటలు. కీర్తికి తెలియదు, నాన్న వింటున్నారని."

దుర్గాశ్రీ నీళ్ల వైపు చూసింది. తన తండ్రి పోయి నాలుగేళ్లు. ఏడేళ్లపాటు రోజూ రాత్రి ఆయనకి ఇన్సులిన్ ఇచ్చిన చేయి ఇది. ఇప్పటికీ ఆ వేళకి ఆ చేతికి ఏదో మర్చిపోయినట్టుంటుంది.

"నిన్న?"

"నిన్న వెళ్లేసరికే ఆ కంచాలు కడుగుతున్నారండి. రక్తం తీసేటప్పుడు చేయి ఐసుగడ్డలా ఉంది. ఒళ్లంతా చెమట. షుగరు పడిందేమో, ముందు ఏదైనా తినండి మావయ్యగారూ అన్నాను. రాత్రి నిద్ర పట్టలేదులే అన్నారు. తర్వాత…" అతను ఆగాడు. "'వెళ్లి అమ్మాయిని తీసుకురా. ముగ్గురం తిందాం' అన్నారండి. రెండేళ్లలో కీర్తి గురించి నాతో అన్న మొదటి మాట."

"తినమని మళ్లీ చెప్పావా?"

"చెప్పానండి. తింటాలే, నువ్వు వెళ్లు అన్నారు. దారిలోనే గనక రక్తం ల్యాబ్‌లో ఇచ్చి పాలకొల్లులో మా ఇంటికి బయల్దేరాను. సగం దారిలో ఫోనొచ్చింది, పడిపోయారని. సాయికిరణ్ చేశాడు, ఆయన అన్నగారి అబ్బాయి." జేబులోంచి బూడిద మూత ఖాళీ గొట్టం తీశాడు. "రెండోది ఇంకా నా దగ్గరే ఉంది. తిన్నాక తీయాల్సింది."

దుర్గాశ్రీకి గదిలో దారం విప్పని అట్టపెట్టె మళ్లీ కనిపించింది. ఒంట్లో షుగరు లేక మనిషి కూలిపోతుంటే చేతికందేంత దూరంలో పూతరేకులున్నాయి. ఆయన దారం విప్పలేదు. అవి కూతురివి.

"ఈ సంగతి చెబితే నువ్వు బయటపడేవాడివి కదా."

"వాళ్ల నాన్న తనకోసం తినకుండా కూర్చుని పడిపోయారని తెలిస్తే కీర్తి ఇంక అన్నం ముద్ద మింగుతుందాండి?"

చంద్రరావు ఎప్పుడొచ్చాడో వెనకే నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడని అతని మొహమే చెప్పింది. అయినా తగ్గలేదు. మాట తేలిగ్గా అల్లొచ్చని, సాక్ష్యం కావాలని అన్నాడు. కాకపోతే ఈసారి 'డిటెక్టివ్ మేడమ్' అనలేదు.

"సాయంత్రందాకా టైముందిగా" అంటూ ఆమె లేచింది. "ఆరుంబావుకే ఆయన ఒంట్లో మందు పనిచేస్తోంది. అంటే అది రాత్రి ఎక్కింది. రాత్రి ఆయన ఇంట్లో ఉన్నాడు. నేను ఇంటికి వెళ్తున్నాను."

*

జగపతిరాజు ఇంటి ముందు కారాగింది. కీర్తిప్రియ గేటు దాకా వచ్చి, మెట్ల దగ్గర ఆగిపోయింది. చెప్పులు విప్పి, మళ్లీ తొడుక్కుంది. దుర్గాశ్రీ ఒక్కతే లోపలికి వెళ్లింది.

సుబ్బాయమ్మ వంటింట్లో పీట మీద గోడకి చేరగిలబడి ఉంది. పెద్దావిడ, నుదుట బొట్టు చెమటకి కారింది. కూతురు గేటు దగ్గరుందని చెబితే కళ్లు మెరిశాయి గానీ లేవలేదు. ఆయన చెప్పకుండా గడప దాటించలేనంది. ఆ మాట కోపంగా లేదు. ఎన్నో రాత్రులు మంచం మీద పడుకుని తనకి తను చెప్పుకున్నట్టుంది.

దుర్గాశ్రీ ఆదివారం రాత్రి గురించి అడిగింది. సుబ్బాయమ్మ ఓపిగ్గా చెప్పింది. రాత్రి భోజనానికి ముందు తనే ఆయనకి సూది వేసింది, ఎప్పటిలాగే ఇరవై గీత దాకా. పొద్దున్న వెళ్తూ ఇడ్లీలు ఎక్కువ పెట్టమన్నారు. ఆత్రేయపురం నుంచి తెప్పించిన పూతరేకుల్లో సగం కట్టిమ్మన్నారు. పనివాళ్లకేమో అనుకుంది.

"మందు ఎక్కడ పెడతారండి?"

ఫ్రిజ్ తలుపులో ఉంది. దుర్గాశ్రీ సీసా తీసి అటూ ఇటూ తిప్పింది. ఆ పేరు, ఆ రంగు ఆమెకి బాగా తెలిసినవే. పేరు కింద, మందు గాఢత చెప్పే చిన్న అంకె దగ్గర బొటనవేలు ఆగిపోయింది. నలభై ఉండాల్సిన చోట వంద ఉంది.

అలమరలో సూదుల పొట్లం విప్పింది. అన్నిటికీ ఎర్ర మూతలే. ఎర్ర మూత సూది నలభై మందుకి. వంద మందుకి నారింజ మూత సూది ఉంటుంది, దాని గీతలే వేరు. వంద మందుని ఎర్ర మూత సూదితో ఇరవై గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది ఇరవై కాదు, యాభై.

"ఈ సీసా కొత్తదా అమ్మా?"

"ఆదివారమే విప్పానండి. మా సాయికిరణ్ తెచ్చాడు. పాతది దొరకలేదు, ఇదీ అదే మందు పిన్నీ అన్నాడు. దాంతోపాటు వేరే మూతల సూదులు కూడా ఇచ్చాడు షాపువాడు, నారింజరంగువి. మళ్లీ వాడే అవి తీసేసుకుని, మీకు అలవాటైనవే వాడండి అన్నాడు."

దుర్గాశ్రీ సీసాని జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. పొరపాటు చేసేవాడు సీసాతో వచ్చిన సూదులు వెనక్కి తీసుకోడు. మూడేళ్లుగా కూతురు లేని ఇంట్లో చెరువులన్నీ సాయికిరణ్ చేతి మీదే నడుస్తున్నాయి. కూతురు ఆ పంచలో కంచం ముందు కూర్చుంటే అది ఆ రోజుతో ఆఖరు.

"అమ్మాయిని పిలుస్తున్నట్టు ఆయన ఎవరికైనా చెప్పారా?"

"నాకే చెప్పలేదండి. వాడికి చెప్పుంటారు, చెరువు పని అంతా వాడేగా." సుబ్బాయమ్మ పమిటతో మెడ తుడుచుకుంది. చేయి వణికి పమిట జారిపోయింది. మళ్లీ ఎత్తుకోబోయి, ఎక్కడుందో కనపడనట్టు నేల తడిమింది.

దుర్గాశ్రీ ఆ చేయి పట్టుకుంది. ఐసుగడ్డలా ఉంది.

"మీకూ షుగరుందా అమ్మా?"

"ఆయ్. ఆయనకి రాత్రి, నాకు పొద్దున్న. ఒకే మందు." మాట ముద్దగా వస్తోంది. "నిన్న ఆ గొడవలో మానేశాను. ఇవాళ సాయికిరణ్ దగ్గరుండి వేయించాడు. నీ మందు మానకు పిన్నీ అని…"

"తర్వాత ఏం తిన్నారు?"

"ఆయన తినకుండా నేనెలా తింటానండి. నిన్నట్నుంచీ మంచినీళ్లే."

దుర్గాశ్రీ గుమ్మంలోకి పరుగెత్తి, కీర్తీ, లోపలికి రా, పంచదార కావాలి అని పిలిచింది. కీర్తిప్రియ మెట్లెక్కలేదు, దాటింది. గడప ఎప్పుడు దాటిందో ఆమెకే తెలియలేదు. వంటింట్లో ఒక్క క్షణం అమ్మని చూసి, పంచదార కోసం వెతక్కుండా, పై అరలో పప్పుల డబ్బాల వెనక చేయి పెట్టింది. మూడేళ్లయినా మిఠాయి డబ్బా అక్కడే ఉంది. మిగిలిన సగం పూతరేకులు అందులో ఉన్నాయి.

సుబ్బాయమ్మ మొహం తిప్పుకుంది. ఆయన, ఆయన అంటోంది. కీర్తిప్రియ పూతరేకు తుంచి తల్లి పెదవుల మధ్య పెట్టి, కరిగేదాకా గడ్డం పట్టుకుని కూర్చుంది. తర్వాత ఇంకో తుంపు. దుర్గాశ్రీ గ్లాసులో పంచదార నీళ్లు కలిపిచ్చింది. కాసేపటికి ఆ తల్లి కళ్లు మెల్లిగా నిలకడకొచ్చాయి. ఎదురుగా ఉన్న మొహాన్ని గుర్తుపట్టాయి.

"చిక్కిపోయావే" అంది సుబ్బాయమ్మ.

కీర్తిప్రియ అప్పుడు ఏడ్చింది.

దుర్గాశ్రీ ఫోను తీసి చంద్రరావుకి కలిపింది. సీసా సంగతి, నారింజ మూతల సంగతి చెప్పింది. అతను, విజయ్ పాల్‌ని బండెక్కించి పంపేస్తున్నానని మాత్రం అన్నాడు.

"సాయికిరణ్ ఎక్కడమ్మా ఇప్పుడు?" అని సుబ్బాయమ్మని అడిగింది, ఫోను చెవికే ఉంచుకుని.

సుబ్బాయమ్మ మొహం విప్పారింది. ఇంత మంచి మాట ఎలా మర్చిపోయానా అన్నట్టు కూతురి చేయి పట్టుకుంది.

"ఆసుపత్రికి వెళ్లాడండి. గంట కింద నర్సు ఫోను చేసింది, ఆయన కళ్లు తెరిచారట. తెరవగానే, అమ్మాయి వచ్చిందా అని అడిగారట. పొద్దున్న మందేశాక నాకు కాళ్లు ఆడటం లేదు. ముందు నేను వెళ్లి బాబాయి దగ్గర కూర్చుంటాను పిన్నీ అని వాడు…"

దుర్గాశ్రీ అప్పటికే ఫ్రిజ్ తలుపు తెరిచింది. మందు వచ్చిన అట్టపెట్టె అక్కడే ఉంది. లోపల రెండు సీసాలకి రెండు గుంటలు. ఒక గుంటలోది బల్ల మీద ఉంది.

రెండో గుంట ఖాళీగా ఉంది.